కార్డేమో పది లక్షలది, గోలీలకు పైసల్లేవు

మొన్న నాట్లు అయిపోయిన తర్వాత హాలియాలో ఆడవాళ్ళం కొందరం ఒకచోట కూర్చున్నాం. ఎడమ కాలువ కింద నాట్లకూ కలుపుకూ పోయే కూలీలు, రైసు మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, పెద్దవూర వైపు తండాల నుంచి వచ్చిన లంబాడీ అక్కలు, ఇద్దరు ఆశా కార్యకర్తలు ఉన్నారు. ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెరిగింది కదా, దాన్ని ఎట్లా వాడుకోవాలో అందరికీ చెప్పాలన్నది ఆ రోజు పని. నేను చెప్పుకుంటూ పోతున్నాను. ఏ జబ్బుకు ఎంత, ఏ కాగితం తీసుకుపోవాలి, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటాడు, ఇట్లా.

వెనక వరసలోంచి ఒక అక్క లేచింది. "మేడం, పది లక్షలు నాకెందుకు? నాకు బీపీ ఉంది, షుగర్ ఉంది. నెలకు ఐదారు వందల గోలీలు మింగాలె. ఆ పది లక్షలల్ల నుంచి నెలకింత తీసి నాకు గోలీలు ఇప్పియ్యరాదా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పక్కనున్న ఇంకో ఆమె, "నీకు గుండె ఆగిపోతే ఇస్తరు, అప్పటిదాంక ఆగు" అంది. మళ్ళీ నవ్వారు.

ఇంటికి వచ్చాక మాత్రం నాకు నవ్వు రాలేదు. మన దేశంలో గత పద్దెనిమిదేళ్ళుగా వైద్యం పేరుతో నడుస్తున్న విధానాన్ని ఆ ఇద్దరు ఆడవాళ్ళూ రెండు ముక్కల్లో తేల్చేశారు. కార్డు మీద వైద్యం వచ్చిన తర్వాత పేదలకు, ముఖ్యంగా పేద స్త్రీలకు, వైద్యం దగ్గరయిందా? ఈ ప్రశ్నను ప్రభుత్వాలు అడగవు. లబ్ధిదారులు ఎంతమంది, ఖర్చు పెట్టిన కోట్లు ఎన్ని అని మాత్రం చెప్తాయి. మనం ఆడవాళ్ళ వైపు నుంచి అడగాలి.

అంకె ఎట్లా పెరిగిందో చూద్దాం

ఈ కథ మొదలయింది మన దక్షిణ తెలంగాణలోనే. 2007 ఏప్రిల్ 1న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీని ప్రారంభించింది. మూడూ వెనకబడిన జిల్లాలు, వలస జిల్లాలు. 2008 నాటికి నల్లగొండతో సహా రాష్ట్రమంతా విస్తరించింది. అంతకుముందు గుండె ఆపరేషన్ కావాలంటే ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుని ముఖ్యమంత్రి సహాయనిధి కోసం హైదరాబాదు తిరగాల్సి వచ్చేది. ఆరోగ్యశ్రీ మొదట ఒక ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా నడిచింది, తర్వాత ప్రభుత్వ ట్రస్టు చేతికి వచ్చింది. కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల దాకా అన్నారు.

2018 సెప్టెంబర్ 23న కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఐదు లక్షల పథకం తెచ్చింది. మా ఆరోగ్యశ్రీయే మెరుగని మొదట దూరంగా ఉన్న తెలంగాణ ప్రభుత్వం 2021లో అందులో చేరింది. 2023 డిసెంబర్ 9న కొత్త ప్రభుత్వం ఆ ఐదు లక్షలను పది లక్షలు చేసింది. పార్టీలు మారాయి, జెండాలు మారాయి, పథకం పేరు ముందు ఉండే పేర్లూ మారాయి. అంకె మాత్రం పెరుగుతూనే ఉంది.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఈ పథకం వల్ల ఎవరికీ మేలు జరగలేదని మేం అనడం లేదు. పుట్టుకతో గుండెలో రంధ్రమున్న పిల్లలు బతికారు. కిడ్నీలు పాడయినవాళ్ళు డయాలిసిస్ మీద ఏళ్ళ తరబడి బతుకుతున్నారు. కాన్సరు వచ్చిన ఆడవాళ్ళకు కీమోథెరపీ దొరికింది. ఆ కుటుంబాలను మనమూ ఎరుగుదుం. ఆ మేలును తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. మన ప్రశ్న వేరు. ఆ మేలు చేయడానికి ఈ దారే ఎందుకు ఎంచుకున్నారు? ఈ దారిలో ఎవరు వెనకబడిపోయారు?

కార్డు ఏ జబ్బును గుర్తిస్తుంది?

మన దగ్గరికి వచ్చే ఆడవాళ్ళ జబ్బులేమిటో ఒక్కసారి గుర్తు చేసుకోండి. తెల్లబట్ట. నెలసరిలో అధిక రక్తస్రావం. రక్తహీనత. వంగి నాట్లు వేసీ వేసీ వచ్చిన నడుంనొప్పి. థైరాయిడ్, బీపీ, షుగర్. మర్రిగూడ, మునుగోడు వైపు పోతే ఫ్లోరైడ్ నీళ్ళకు బిగుసుకుపోయిన కీళ్ళు. వీటిలో ఏ ఒక్కదానికీ మొదటి రోజున ఆసుపత్రిలో పడుకోవాల్సిన పని లేదు. డాక్టరు చూడాలి, పరీక్ష చేయాలి, మందు ఇవ్వాలి, మళ్ళీ నెలకు రమ్మనాలి. అంతే. కానీ ఈ అంతేకే కార్డు పనికిరాదు. కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్ళకు, అదీ జాబితాలో ఉన్న చికిత్సలకు. ఓపీ చిట్టీ, రక్తపరీక్ష, నెలనెలా వాడే గోలీలు మన కొంగు ముడిలోంచే పోవాలి.

2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే నూటికి యాభై ఏడు మందికి పైగా. ఇంతమంది ఆడవాళ్ళను పట్టి పీడించే జబ్బుకు పది లక్షల కార్డు దగ్గర సమాధానం లేదు. రక్తం మరీ పడిపోయి, కాన్పులో ప్రాణం మీదికి వస్తే మాత్రం ఏదో ఒక ప్యాకేజీ దొరుకుతుంది.

ఈ మాట మనం కొత్తగా అంటున్నది కాదు. 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చిన స్త్రీలలో ఒకరైన డాక్టర్ వీణా శత్రుఘ్న, రాజన్ శుక్లా, ఆర్. శ్రీవత్సన్‌లతో కలిసి 2011లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఆరోగ్యశ్రీ గురించి రాశారు. రాష్ట్ర ఆరోగ్య బడ్జెట్‌లో 25 శాతం దాకా తీసుకుంటున్న ఈ పథకం ప్రజల జబ్బుల భారంలో 2 శాతానికి మాత్రమే పనికొస్తోందని లెక్క చెప్పారు. మిగతా 98 శాతం జబ్బులకు మిగిలిన డబ్బే గతి. ఆ వ్యాసం వచ్చి ఇన్నేళ్ళయింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు దాని నుంచి నేర్చుకున్నదేమిటయ్యా అంటే అంకె పెంచడం.

ఇంకో వైపు ఏం జరిగిందో చూడండి. మన ఊళ్ళకు నెలకోసారి 104 బండి వచ్చేది. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు ఆ రోజు కూలి పని కాసేపు ఆపుకుని, లేదా పొద్దున్నే పోయి నెలకు సరిపడా గోలీలు తెచ్చుకునేవాళ్ళు. ముసలివాళ్ళకు, ముఖ్యంగా ఒంటరి ఆడవాళ్ళకు, ఆ బండి ఇంటి ముందుకు వచ్చిన దవాఖాన. తెలంగాణలో 2022లో ఆ బండ్లను ఆపేశారు. ఏఎన్‌ఎంలు, ఆశాలు గోలీలు ఇస్తారన్నారు. ఇవ్వగలిగినచోట వాళ్ళు ఇస్తున్నారు. అయితే పైనుంచి స్టాకు రాకపోతే ఆశా ఎక్కడి నుంచి తెస్తుంది? గోలీ లేదని చెప్పి తిట్లు తినేది మాత్రం ఆమే. ఆ రోజు సమావేశంలో ఉన్న ఇద్దరు ఆశాలూ ఈ మాట చెప్పి తల వంచుకున్నారు. తల వంచుకోవాల్సింది వాళ్ళా?

కార్డులో పేరు ఎవరిది?

ఆరోగ్యశ్రీకి రేషన్ కార్డే ఆధారంగా నడిచింది. రేషన్ కార్డంటే కుటుంబం. కుటుంబమంటే మన దేశంలో ఏమిటో మనకు తెలుసు. పెళ్ళయిన పిల్ల పేరును పుట్టింటి కార్డులోంచి తీసేస్తారు. అత్తగారింటి కార్డులో ఎక్కించమని దరఖాస్తు పెడితే అది ఏళ్ళ తరబడి కదలదు. తెలంగాణలో కొత్త కార్డుల కోసం, పేర్లు చేర్చడం కోసం జనం ఎన్నేళ్ళు తిరిగారో అందరికీ తెలుసు. చివరికి 2025 జులై 14న మన పాత నల్లగొండ జిల్లాలోని తుంగతుర్తి నియోజకవర్గంలోనే ముఖ్యమంత్రి కొత్త కార్డుల పంపిణీ మొదలుపెట్టారు. మంచిదే. ఈ మధ్యకాలంలో రెండు ఇళ్ళ కార్డుల్లోనూ పేరు లేకుండా కాన్పులైన కోడళ్ళ సంగతి ఎవరు చెప్పాలి?

మొగుడు వదిలేసిన ఆమె పేరు ఎవరి కార్డులో ఉంటుంది? రెండో పెళ్ళి చేసుకున్నవాడి కార్డులో ఈమె పేరు ఉండిపోతే, కాగితం అతని బీరువాలో ఉంటుంది. విడాకుల కాగితం లేదు కాబట్టి విడి కార్డు ఇవ్వమంటారు. మన కౌన్సెలింగ్ కేంద్రాలకు వచ్చే ప్రతి పది కేసుల్లో ఇది ఎన్నిసార్లు వస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. వైద్యం హక్కు అయితే అది మనిషికి ఉండాలి. కుటుంబానికి ఇచ్చిన హక్కు కుటుంబ పెద్ద జేబులోకి పోతుంది.

పేరు ఉన్నంత మాత్రాన ఆడమనిషి ఆసుపత్రి దాకా పోతుందా? రాజస్థాన్‌లో ఇటువంటి పథకమే ఉంది. అందులో నలభై లక్షలకు పైగా ఆసుపత్రి చికిత్సల వివరాలను పాస్కలిన్ దూపా, రాధికా జైన్ అనే ఇద్దరు స్త్రీలు పరిశీలించారు. చికిత్స పొందిన పిల్లల్లో ఆడపిల్లలు 33 శాతమే. ముసలివాళ్ళలో ఆడవాళ్ళు 43 శాతం. ఖరీదైన చికిత్స అయ్యేకొద్దీ వాళ్ళ వాటా ఇంకా పడిపోయింది. కాన్పులు మినహాయిస్తే పథకం డబ్బులో దాదాపు మూడింట రెండు వంతులు మగవాళ్ళ మీద ఖర్చయింది. ఆడవాళ్ళకు జబ్బులు తక్కువ వస్తాయి కాబట్టి కాదు. ఆసుపత్రి బిల్లు లేకపోయినా బస్సు ఖర్చు, తిండి, తోడు వచ్చినవాళ్ళ కూలి, బయట కొనే మందులు తప్పవు. ఆ ఖర్చు కొడుక్కయితే పెడతారు, బిడ్డకు పెట్టడానికి వెనకాడతారు. ఖర్చు తగ్గిస్తే తేడా తగ్గుతుందా అంటే అదీ తగ్గలేదు. ఎందుకంటే ఆ తగ్గింపు వల్ల మగవాళ్ళూ అంతే లాభపడ్డారు.

ఇది రాజస్థాన్ సంగతి, మనది కాదు అనుకోవద్దు. 1999–2001 మధ్య దేవరకొండ తండాల నుంచి ఆడశిశువుల అమ్మకాలు దేశమంతటి పత్రికలకెక్కిన జిల్లా మనది. ఆడపిల్లకు జ్వరం వస్తే ఆర్‌ఎంపీ దగ్గర సూది, మగపిల్లవాడికి వస్తే మిర్యాలగూడకు ఆటో. ఇది మనం కళ్ళారా చూస్తున్నదే. పితృస్వామ్యం ఉన్న ఇంట్లో కార్డు పెడితే ఆ కార్డు కూడా పితృస్వామ్యం చెప్పినట్టే నడుస్తుంది.

అదే పరిశోధనలో మనకు పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఎక్కువ కాలం స్త్రీలు సర్పంచులుగా ఉన్న ఊళ్ళలో ఆడపిల్లల, యువతుల చికిత్సల్లో ఈ తేడా కొంత తగ్గింది. తగ్గింది కొంతే, అయినా తగ్గింది. అంటే ఆడవాళ్ళు ఊళ్ళో నిలబడి అడిగినప్పుడు ఎంతోకొంత మార్పు వస్తుందన్నమాట.

చిన్న వైద్యానికి పైసా లేదు, పెద్ద ఆపరేషన్‌కు ప్యాకేజీ ఉంది

ఇక మన కడుపులు కాలే సంగతికి వద్దాం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్నారా అని మొదటిసారి స్త్రీలను అడిగారు. దేశం మొత్తం మీద 15–49 ఏళ్ళ స్త్రీలలో 3.2 శాతం మందికి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలు మన తెలుగువాళ్ళవే. దేశవ్యాప్తంగా ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. తీయించుకున్న వాళ్ళలో సగం మందికి అప్పటికి 34 ఏళ్ళు దాటలేదు.

ఇది బీమా పథకంతోనే మొదలయిందని అనడం అబద్ధం అవుతుంది. అంతకుముందు నుంచే ఉంది. చిన్నతనంలో పెళ్ళి, ఇరవై దాటేలోపు ఇద్దరు ముగ్గురు పిల్లలు, ఆపైన కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఆ తర్వాత తెల్లబట్ట అనో కడుపునొప్పి అనో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే, "గర్భసంచికి పుండయింది, తీయించకపోతే కాన్సరయితది" అని పట్నం చీటీ రాసిస్తాడు. పిల్లలయిపోయారు కదా, ఆ సంచితో ఇంకేం పని అని ఇంట్లోవాళ్ళూ అంటారు. బీమా చేసింది ఏమిటంటే ఈ దారి మీద తారు పోసింది. తెల్లబట్టకు పరీక్ష చేసి మందిస్తే ఆసుపత్రికి ఏమీ రాదు. గర్భసంచి తీస్తే ప్యాకేజీ డబ్బు వస్తుంది. ఏ ఆసుపత్రి దేన్ని ఎంచుకుంటుందో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

మొదటి మూడు నాలుగేళ్ళలోనే ఈ గొడవ ఎంత ముదిరిందంటే, స్త్రీ సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు గట్టిగా అడిగిన తర్వాత ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్లను ప్రైవేటు ఆసుపత్రుల నుంచి తప్పించి ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయాల్సి వచ్చింది. అంటే తప్పు జరిగిందని ప్రభుత్వమే ఒప్పుకుంది. అప్పటికే గర్భసంచి పోయినవాళ్ళ సంగతి? ముప్పై ఏళ్ళకే ఒంట్లో వేడి ఆవిర్లు, ఎముకల నొప్పులు, నడుం పట్టేయడం మొదలయి, సగం కూలికి పోయేవాళ్ళకు ఎవరు జవాబుదారీ? బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలోనూ ఇదే జరిగింది. అక్కడ పేదల బీమా పథకం డబ్బు కోసం అనవసరంగా గర్భసంచులు తీశారని డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలంది. ఆ మూడు నెలలు ఎప్పుడో దాటిపోయాయి. మన జిల్లాలో ఆ పర్యవేక్షణ కమిటీ ఉందా, అందులో స్త్రీలున్నారా, ఎప్పుడు కూర్చుంది? అధికారులను అడిగి జవాబు రాయించుకోవాలి.

బాకీ వాళ్ళది, శిక్ష మనకు

ఈ విధానంలో ప్రభుత్వం వైద్యం చేయదు, వైద్యం కొంటుంది. కొనేవాడు బాకీ పడితే అమ్మేవాడు దుకాణం మూస్తాడు. 2019 ఆగస్టులో బకాయిలు చెల్లించలేదని తెలంగాణలో నెట్‌వర్కు ఆసుపత్రులు సేవలు ఆపాయి. 2025 జనవరిలో మళ్ళీ అదే మాట. 2025 సెప్టెంబరులో మళ్ళీ ఆపారు. ప్రభుత్వానికీ ఆసుపత్రులకూ మధ్య కోట్ల లెక్క తేలేదాకా కార్డు పట్టుకుని గేటు దగ్గర నిలబడాల్సింది పేదలు. "ఆరోగ్యశ్రీ బంద్, పైసలు కట్టు" అని ఆసుపత్రి కౌంటరులో అన్నప్పుడు మన ఆడవాళ్ళ దగ్గర ఉండే ఇన్సూరెన్సు ఏమిటి? మెడలో పుస్తెలతాడు, సంఘం అప్పు. ఇవాళ్టికీ మన ఊళ్ళలో అసలైన బీమా కంపెనీలు ఈ రెండే.

కేంద్ర పథకం లెక్కలూ ఇంత గొప్పగానే ఉన్నాయి. 2023 ఆగస్టులో కాగ్ నివేదిక బయటపెట్టినదాని ప్రకారం సుమారు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులు ఒకే ఒక్క ఫోన్ నంబరు మీద నమోదయి ఉన్నారు. నిజంగా కార్డు కావాల్సిన ఒంటరి స్త్రీ వేలిముద్ర పడలేదని వెనక్కి వస్తుంది. కంప్యూటరులో మాత్రం లక్షల మందికి ఒకే ఫోను సరిపోతుంది!

దీని వెనకున్న ఆలోచన పాతదే. 1990ల్లో ప్రపంచబ్యాంకు అప్పులతో పాటు వచ్చిన ఆలోచన ఇది. ప్రభుత్వం ఆసుపత్రులు నడపనక్కర్లేదు, పేదల తరఫున డబ్బు కడితే చాలు, మిగతాది మార్కెట్టు చూసుకుంటుందన్నారు. మార్కెట్టు చూసుకుంది. పెద్ద ఆసుపత్రులన్నీ హైదరాబాదులో చేరాయి. హాలియా నుంచి హైదరాబాదుకు రోగిని తీసుకుపోవడమంటే ఏమిటో, అక్కడ ఆసుపత్రి బయట చెట్టు కింద వండుకు తినడమంటే ఏమిటో ఆ ఆలోచన చేసినవాళ్ళకు తెలియదు.

"సర్కారు దవాఖానకు ఎవరు పోతారు?" అనేవాళ్ళకు

ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. సర్కారు దవాఖానలో డాక్టరుండడు, మందుండదు, కాన్పుకు పోతే తిడతారు, కొడతారు, బిడ్డను చూపించడానికి డబ్బులడుగుతారు. ప్రైవేటుకు పోతే కనీసం మర్యాదగా చూస్తారు కదా అని. ఇది నిజమే. ఆ అవమానాలు మనలో చాలామందికి స్వయంగా తెలుసు. మన సంఘాలే వాటి మీద ధర్నాలు చేశాయి. కానీ అది ప్రభుత్వ ఆసుపత్రిని బాగు చేయమని అడగడానికి కారణం అవుతుంది. దాన్ని ఎండగట్టి ఆ డబ్బు ఇంకొకరికి ఇవ్వడానికి కారణం ఎట్లా అవుతుంది?

బాగు చేస్తే జనం వస్తారా అంటే, వచ్చారు. 2015–16లో తెలంగాణలో నూటికి 30.5 కాన్పులు మాత్రమే ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగాయి. 2017లో ప్రభుత్వం కాన్పుల మీద దృష్టి పెట్టింది. తల్లికి డబ్బు, కిట్టు ఇచ్చింది, ఇంటికి చేర్చే బండి పెట్టింది. 2019–20 నాటికి అది 49.7 శాతానికి చేరింది. నాలుగేళ్ళలో ఇంత మార్పు బీమా వల్ల రాలేదు. ఆ సర్వేలోనే తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 81.5 కాన్పులు కడుపుకోతలని తేలింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. అదీ ఎక్కువే, దాని మీదా మనం పోరాడాలి. అయినా కోతకు ఇంత అని లెక్క కట్టుకునే చోటుకూ, కట్టుకోని చోటుకూ తేడా కళ్ళకు కడుతోంది.

2021లో నల్లగొండతో సహా పలు జిల్లా కేంద్రాల్లో ఉచిత రక్తపరీక్షల కేంద్రాలు పెట్టారు. 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' పేరుతో ప్రతి మంగళవారం స్త్రీల కోసం ప్రత్యేక క్లినిక్కులు, స్త్రీ సిబ్బందితో, మొదలుపెట్టారు. ఇవి కావాల్సిన దిశలో పడిన అడుగులు. 2023 డిసెంబర్ 9న పది లక్షల కార్డుతో పాటు ఆడవాళ్ళకు ఉచిత బస్సు కూడా వచ్చింది. నన్నడిగితే ఆ రెండింటిలో ఆడవాళ్ళ ఆరోగ్యానికి ఎక్కువ పనికొచ్చేది బస్సే. నాగార్జునసాగర్‌లోని కమలా నెహ్రూ ఆసుపత్రికో, మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రికో, 2019 నుంచి వైద్య కళాశాల నడుస్తున్న నల్లగొండ పెద్దాసుపత్రికో పోవాలంటే ఆమె ఇప్పుడు మొగుణ్ణి బస్సు కిరాయి అడగనక్కర్లేదు. ఆధార్ చూపిస్తే చాలు. ఆ టికెట్టుకు కుటుంబ పెద్ద లేడు. కానీ బస్సు దిగి లోపలికి పోతే డాక్టరు ఉండాలి, గోలీ ఉండాలి. లేకపోతే ఆ ఉచిత ప్రయాణం ఖాళీ చేతులతో తిరిగి రావడానికే.

ఇంకొందరు లెక్కలు చూపిస్తారు. దేశంలో మొత్తం వైద్య ఖర్చులో ప్రజలు సొంత జేబులోంచి పెట్టే వాటా 2013–14లో 64.2 శాతం ఉంటే 2021–22కు 39.4 శాతానికి దిగిందని ప్రభుత్వ జాతీయ ఆరోగ్య లెక్కలు చెప్తున్నాయి. తగ్గితే మనకూ సంతోషమే. కానీ ఒక్క మాట. నొప్పి ఉండి కూడా ఆసుపత్రికి పోని ఆడమనిషి వైద్యం మీద పెట్టిన ఖర్చు సున్నా. ఆ సున్నా కూడా దేశం లెక్కలో కలిసి సగటును కిందికి లాగుతుంది. పంటి బిగువున భరించడం పొదుపు కిందకు వస్తుందా?

థాయిలాండ్ మనకంటే కొంచెం మెరుగైన దేశమే గానీ ధనిక దేశం కాదు. 2002 నాటికి అక్కడ ప్రజలందరికీ వైద్యం అందే పథకం తెచ్చారు. పన్నుల డబ్బుతో, ప్రధానంగా ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా, ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి మొదలుపెట్టి నడిపారు. ఓపీ, మందులు, కాన్పు అన్నీ అందులోనే. వాళ్ళు కింది నుంచి కట్టుకుంటూ పోయారు. మనం ముందు పైకప్పు వేసి గోడలు తర్వాత చూద్దామంటున్నాం.

మనం ఏం అడగాలి?

డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ప్రభుత్వ ఆసుపత్రి వైద్యం చేయకపోతే అది జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023లో రాజస్థాన్ శాసనసభ ఆరోగ్య హక్కు చట్టం చేసింది. ప్రైవేటు డాక్టర్లు సమ్మె చేసినా చట్టం వచ్చింది. తెలంగాణకు ఎందుకు రాకూడదు?

కార్డు ఎత్తేయమని మనం అడగడం లేదు. పెద్ద జబ్బు వచ్చినవాళ్ళకు అది ఉండాలి. అడగాల్సింది ఇవి. బీపీ, షుగర్, థైరాయిడ్, మూర్ఛ, రక్తహీనత మందులు నెలనెలా ఊళ్ళోనే ఉచితంగా అందాలి, స్టాకు వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద రాయాలి. కేంద్రంలో వారానికి ఒక రోజయినా స్త్రీ డాక్టరు ఉండాలి. ఒంటరి స్త్రీకి, విడిగా ఉంటున్న భార్యకు విడాకుల కాగితంతో పని లేకుండా సొంత పేరు మీద ఆరోగ్య కార్డు ఇవ్వాలి. నలభై ఏళ్ళలోపు స్త్రీకి గర్భసంచి తీయాలంటే ప్రభుత్వ వైద్యురాలి రెండో అభిప్రాయం తప్పనిసరి చేయాలి. పథకం డబ్బు ఆడవాళ్ళ మీద ఎంత, మగవాళ్ళ మీద ఎంత, ప్రభుత్వ ఆసుపత్రులకు ఎంత, ప్రైవేటుకు ఎంత ఖర్చయిందో మండలాల వారీగా ప్రతి ఏడూ ప్రకటించాలి. ఆశాలకు నిర్ణీత వేతనం ఇవ్వాలి. వాళ్ళ చేతిలో మందు పెట్టి పంపాలి.

ఇవి హైదరాబాదులో సదస్సు పెట్టి తీర్మానం చేస్తే వచ్చేవి కావు. సంఘం మీటింగులో అప్పుల లెక్కతో పాటు గోలీల లెక్క కూడా రాసుకుందాం. ఈ నెల ఎవరు ఎంత పెట్టి కొన్నారు, ఏ గోలీ దవాఖానలో దొరకలేదు, ఎవరికి ఆపరేషన్ చేయించుకోమన్నారు, ఎవరన్నారు. మూడు నెలలు రాస్తే మన చేతిలో ఏ సర్వే కంటే గట్టి కాగితం ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని గ్రామసభకు పోదాం. మంగళవారం పదిమందిమి కలిసి ఆరోగ్య కేంద్రానికి పోయి ఆ క్లినిక్కు నడుస్తోందో లేదో చూద్దాం. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం ముందు కూర్చున్నప్పుడు, "మీరు కూర్చుంటే సర్కారు ఆదాయం మానుకుంటదా?" అని నవ్వినవాళ్ళున్నారు. తర్వాత ఏం జరిగిందో చరిత్రలో ఉంది.

హాలియాలో ఆ రోజు లేచి అడిగిన అక్క మళ్ళీ వచ్చే సమావేశానికి వస్తానంది. అప్పటికి ఆమె ఆ నెల గోలీలు కొందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఈసారి కార్డు ఎట్లా వాడుకోవాలో చెప్పే కరపత్రం తీసుకుపోను. ఖాళీ నోటు పుస్తకం తీసుకుపోతాను. మొదటి పేజీలో ఆమె ప్రశ్నే రాసి, కింద ఆమె గోలీల లెక్కతో మొదలుపెడతాం.